కుట్లు పడ్డాక ఎవరింట్లో, ఎంత దూరంలో

బెంగళూరు నుంచి హైదరాబాదు వైపు వచ్చే 44వ నంబరు జాతీయ రహదారి మీద చిక్కబళ్ళాపురం దాటాక, బాగేపల్లి ఇంకా రాకముందే పేరేసంద్ర తగులుతుంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, ఆస్పత్రి కాగితాల్లో ఇంగ్లీషు. ఈ వైపు ఊళ్ళ బతుకు ఈ మూడింటి మధ్య నడుస్తుంది. కాన్పుకో, జ్వరానికో, చెయ్యి విరిగితేనో జిల్లా కేంద్రం చాలు. పక్కనే ముద్దేనహళ్ళిలో 2023 మార్చిలో ప్రధాని ప్రారంభించిన వైద్య కళాశాల కూడా ఉంది. పొట్ట అందంగా కనబడడానికి చేయించుకునే ఆపరేషన్‌కు మాత్రం అందరి దారీ బెంగళూరుకే. పొద్దున్నే బయల్దేరితే ట్రాఫిక్ పెరగకముందే, నగరం మొదట్లో వచ్చే హెబ్బాళ దాటొచ్చు. తిరుగు ప్రయాణం సంగతే ఎవరూ ముందు ఆలోచించరు.

ప్రకటనలూ ఆ సంగతి ఎత్తవు. 'ముందు', 'తర్వాత' అని రెండు ఫొటోలు వేస్తారు. ఆ రెండింటి మధ్య ఆరు వారాలుంటాయి. ఆ ఆరు వారాల్లో మొదటి రెండు ఎవరి కళ్ళముందు, డాక్టరుకు ఎంత దూరంలో గడుస్తాయన్న దాన్ని బట్టే ఈ ఆపరేషన్ మంచిచెడ్డలు చాలావరకు తేలిపోతాయి. కత్తి పట్టిన చెయ్యి ఎంత మంచిదైనా కోలుకునే చోటు సరిగ్గా లేకపోతే లాభం లేదని ఇన్నేళ్ళ అనుభవం చెబుతోంది.

పొట్ట తగ్గించడమంటే జనం ఒకే ఆపరేషన్ అనుకుంటారు గానీ, అందులో రెండు రకాలున్నాయి. లైపోసక్షన్‌లో చిన్న గాట్లు పెట్టి, సన్నటి గొట్టంతో చర్మం కింది కొవ్వును లాగేస్తారు. 1970ల చివర్లో పారిస్‌లో ఇల్లూజ్ అనే సర్జన్ దీనికి ఇప్పటి రూపం తెచ్చాడు. 1987లో కాలిఫోర్నియాకు చెందిన చర్మవైద్యుడు జెఫ్రీ క్లైన్, మత్తుమందు కలిపిన నీటిని ముందే కొవ్వులోకి ఎక్కించే పద్ధతిని ప్రచురించాక రక్తస్రావం బాగా తగ్గింది. రెండోది టమ్మీ టక్. పొత్తికడుపు మీద ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా కోసి, వదులైన చర్మాన్ని తీసేసి, కాన్పులతో దూరం జరిగిన నడిమి కండరాలను మళ్ళీ దగ్గరకు లాగి కుడతారు. బొడ్డుకు కొత్త చోటు చూస్తారు. వేలాడే పొట్టను కోసి తీయడం కొత్త సంగతేమీ కాదు. అమెరికాలో హోవర్డ్ కెల్లీ అనే స్త్రీవైద్య నిపుణుడు 1899లోనే చేశాడు. మొదటిదానికి గాయం చిన్నది, రెండోదానికి పెద్దది. కోలుకునే పద్ధతి కూడా వేరు. రెండూ ఒకేసారి చేయించుకునేవాళ్ళకు రెండింటి బాధలూ కలుస్తాయి.

ఈ ఆపరేషన్‌కు వెళ్ళేవాళ్ళంతా సినిమావాళ్ళనుకుంటే పొరపాటు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో సిజేరియన్ కాన్పులు కర్ణాటకలో 31.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం. దానిమీద పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ మరొకటి. ముప్పై ఐదేళ్ళు వచ్చేసరికి మన ఆడవాళ్ళలో చాలామంది పొట్ట మీద ఒకటో రెండో గాట్లు అప్పటికే ఉంటాయి. మచ్చ పైన చర్మం మడత పడి, కండరాలు వదులై, ఎంత నడిచినా పొట్ట తగ్గదు. వాళ్ళు అద్దంలో చూసుకుని బాధపడడంలో తప్పు పట్టాల్సిందేమీ లేదు. అదే సర్వే కర్ణాటకలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 47.8 శాతం మందికి రక్తహీనత ఉందనీ చెప్పింది. పెద్ద గాయం మానాల్సిన ఒంట్లో రక్తమే తక్కువైతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఆపరేషన్ తేదీ అడగడానికి ముందు హిమోగ్లోబిన్ ఎంతో అడగాలి.

ఆస్పత్రిలో మొదటి రాత్రి చూడ్డానికి చాలా మామూలుగా ఉంటుంది. టమ్మీ టక్ అయినవాళ్ళను వెల్లకిలా చదునుగా పడుకోబెట్టరు. వీపు కింద మంచం ఎత్తి, మోకాళ్ళ కింద దిండ్లు పెట్టి, నడుం దగ్గర ఒంగేలా పడుకోబెడతారు. బిగించి వేసిన కుట్ల మీద లాగుడు పడకుండా ఉండడానికే ఇది. చేతికి మూడు బంతుల సీసా ఇస్తారు. గొట్టం నోట్లో పెట్టుకుని గాలి లోపలికి పీలిస్తే బంతులు పైకి లేవాలి. పిల్లలాటలా కనిపిస్తుందని చాలామంది పక్కన పెట్టేస్తారు. పొట్ట బిగిసిపోయి, నొప్పికి భయపడి పైపైనే ఊపిరి తీస్తే ఊపిరితిత్తుల అడుగు భాగాలు ముడుచుకుపోతాయి. జ్వరానికి, నిమ్ముకు దారి అదే. ఇక పిక్కలకు బిగుతు మేజోళ్ళో, గాలి నిండి ఖాళీ అయ్యే పట్టీలో వేస్తారు. ఆ సాయంత్రమో మర్నాడు పొద్దున్నో లేపి, ముసలమ్మలా ఒంగి నాలుగడుగులు వేయిస్తారు.

ఆ నాలుగడుగుల కోసమే ఆస్పత్రి ఇంత పట్టు పడుతుంది. అందానికి చేసే ఆపరేషన్లన్నిట్లోనూ కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం టమ్మీ టక్‌లో ఎక్కువ. పిక్కలో కట్టిన గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికొస్తుంది. అమెరికాలో ఇలాంటి ఆపరేషన్ల బీమా వివరాలను పరిశీలించి 2015లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 25,478 టమ్మీ టక్‌లను చూశారు. వాటిలో 4 శాతం మందికి పెద్ద ఇబ్బందులు వచ్చాయి. మిగతా అందం ఆపరేషన్లలో ఆ లెక్క 1.4 శాతమే. టమ్మీ టక్‌తోపాటు ఇంకో ఆపరేషన్ కలిపే కొద్దీ ఆ శాతం పెరిగింది. 'ఎలాగూ మత్తు ఇస్తున్నారు, నడుం కూడా చేసెయ్యండి' అని బేరమాడేవాళ్ళు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

రక్తం గడ్డకట్టకుండా ఇంజెక్షన్లు అందరికీ ఇవ్వాలా అన్నదాని మీద సర్జన్లలోనే ఒక మాట లేదు. ఇస్తే గాయం లోపల రక్తం చిమ్మవచ్చు, ఇవ్వకపోతే గడ్డ కట్టవచ్చు. అందుకని వయసు, బరువు, గర్భనిరోధక మాత్రలు, ఇంట్లో ఎవరికైనా గడ్డ కట్టిన చరిత్ర లాంటివన్నీ మార్కులు వేసి లెక్కగట్టే కాప్రినీ పట్టికను వాడతారు. మార్కులు ఎక్కువొస్తే ఇంజెక్షన్లు ఇంటికొచ్చాక కూడా కొన్నాళ్ళు సాగుతాయి. మాత్రల సంగతి డాక్టరు దగ్గర దాచిన మనిషికి ఆ పట్టిక తప్పు జవాబే చెబుతుంది.

బెంగళూరు మర్చిపోని ఉదాహరణ చేతనా రాజ్‌ది. కన్నడ సీరియళ్ళలో నటించే ఆ అమ్మాయి వయసు 21. 2022 మే 16న నగరంలోని ఒక కాస్మెటిక్ క్లినిక్‌లో కొవ్వు తీసే ఆపరేషన్‌కు చేరింది. అదే సాయంత్రానికి పరిస్థితి విషమించి, ఊపిరితిత్తుల్లో నీరు చేరి చనిపోయిందని వార్తలొచ్చాయి. తమ అనుమతి తీసుకోలేదని, సరైన ఏర్పాట్లు లేకుండా చేశారని తల్లిదండ్రులు ఫిర్యాదు చేశారు. ఆ కేసులో ఎవరి తప్పెంతో తేల్చడం ఈ వ్యాసం పని కాదు. పట్టించుకోవాల్సింది వేరొకటి ఉంది. కొవ్వు తీయడం 'చిన్న పని' అన్న నమ్మకంతో ఐసీయూ లేని చోట చేయించుకుంటే, కష్టమొచ్చిన గంటలో మనిషిని అంబులెన్సులో ఇంకో ఆస్పత్రికి తరలించాల్సి వస్తుంది. పోయేది ఆ గంటే.

లైపోసక్షన్ అయినవాళ్ళను అదే రోజు పంపేయడం వాడుక. చిన్న మోతాదుకు అది తప్పు కాదు. అయితే కొవ్వులోకి ఎక్కించిన మత్తుమందు రక్తంలో అత్యధిక స్థాయికి చేరేది ఆపరేషన్ బల్ల మీద కాదు, సుమారు పన్నెండు గంటల తర్వాత. పొద్దున పదింటికి ఎక్కిస్తే రాత్రి పదింటికి. మనిషి అప్పటికి పేరేసంద్రలో, మంచం మీద ఉంటుంది. నాలుక మొద్దుబారడం, చెవుల్లో హోరు, మాట తడబడడం లాంటివి మొదలైతే 'అలసటలే, పడుకో' అంటారు ఇంట్లోవాళ్ళు. కొవ్వు తునకలు రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదమూ ఎక్కువగా మొదటి మూడు రోజుల్లోనే. తీసిన కొవ్వు, ద్రవం కలిపి 5 లీటర్లు దాటితే ఆ రాత్రి తగిన వసతులున్న చోట పర్యవేక్షణలో ఉంచాలని అమెరికా ప్లాస్టిక్ సర్జన్ల సంఘం చెబుతోంది. ఎంత తీస్తారో ముందే అడిగి తెలుసుకోవడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

ఇంటికి తొందరపడిన కథల్లో ప్రపంచమంతా విన్నది డోండా వెస్ట్‌ది. గాయకుడు కాన్యే వెస్ట్ తల్లి, కాలేజీలో ఇంగ్లీషు చెప్పిన ప్రొఫెసర్. 58 ఏళ్ళ వయసులో లాస్ ఏంజెలస్‌లో పొట్టకు, రొమ్ములకు ఆపరేషన్ చేయించుకుని, ఇంటికి వెళ్ళి, మర్నాడు 2007 నవంబరు 10న చనిపోయింది. గుండె రక్తనాళాల జబ్బు, ఆపరేషన్ తర్వాతి పరిస్థితులు కలిసి ప్రాణం తీశాయని అక్కడి వైద్య పరీక్షాధికారి తేల్చాడు. ఆమె పేరు మీద కాలిఫోర్నియా 2009లో ఒక చట్టం చేసింది. అందం కోసం చేసే ఆపరేషన్‌కు ముందు మనిషిని పరీక్షించి, తట్టుకోగలరని రాతపూర్వకంగా చెప్పి తీరాలి. అంత పేరున్న కుటుంబంలో, అంత పెద్ద నగరంలోనే ఇలా జరిగింది.

ఇక ఇంటి సంగతి. మన ఊళ్ళలో పొట్ట కోసిన ఆడమనిషిని చూసుకోవడానికి ఒకే నమూనా ఉంది, బాలింత పద్ధతి. కాన్పయిన మనిషికి పొట్ట చుట్టూ పాత చీర బిగించి కట్టడం, చెవుల్లో దూది, సాంబ్రాణి పొగ, వేణ్ణీళ్ళ కాపడం, కాయం, నీళ్ళు తక్కువ, మంచం దిగకపోవడం. సిజేరియన్ అయినా, హెర్నియా అయినా, టమ్మీ టక్ అయినా అమ్మకూ అత్తకూ చేతికొచ్చేది అదే. దాన్ని మొత్తంగా మూఢనమ్మకమని కొట్టిపారేయడం తెలివితక్కువతనం. ఆ పద్ధతిలో ఒక మనిషిని నెల రోజులు పనిలోకి రానివ్వరు, వంటిల్లు తొక్కనివ్వరు, పక్కన ఎప్పుడూ ఒక తోడు ఉంటుంది. నగరంలో అపార్ట్‌మెంటుకు ఒంటరిగా వెళ్ళే ఉద్యోగినికి ఈ భాగ్యం దొరకదు. మిగతావాటిని మాత్రం ఒక్కొక్కటిగా విడదీసి చూడాలి.

పొట్ట కట్టు సంగతే చూద్దాం. ఆస్పత్రి ఇచ్చే బెల్టు కూడా ఆ చీర పని చేసేదే కదా అని అనిపిస్తుంది. వాపు తగ్గడానికి, పైకి లేచిన చర్మం కింది పొరకు అతుక్కోవడానికి దాన్ని నాలుగు నుంచి ఆరు వారాలు వేసుకోమంటారు. అయితే బెల్టు మరీ బిగిస్తే పొట్ట లోపల ఒత్తిడి పెరిగి, తొడల నుంచి గుండెకు వెళ్ళే రక్తం నెమ్మదిస్తుందని పరిశోధనల్లో తేలింది. గడ్డలకు అది చోటిస్తుంది. బెల్టు కింద రెండు వేళ్ళు దూరాలి, కూర్చున్నప్పుడు మడత పడి చర్మంలోకి కోసుకోకూడదు, నిండుగా ఊపిరి తీయగలగాలి. 'ఎంత బిగిస్తే పొట్ట అంత తగ్గుతుంది' అనేది ఇంట్లో పుట్టిన వైద్యమే.

కాపడం ఇంకా ప్రమాదం. టమ్మీ టక్ తర్వాత బొడ్డు కింది చర్మానికి నెలల తరబడి స్పర్శ ఉండదు, కొంత చోట ఎప్పటికీ రాకపోవచ్చు. వేడి నీళ్ళ సంచీ పెడితే కాలుతున్నట్టు తెలియదు. తీసి చూసేసరికి బొబ్బ. అసలే రక్తప్రసరణ తగ్గిన చర్మం కాబట్టి ఆ కాలిన చోటు మానడానికి వారాలు పడుతుంది. నొప్పికి వేడి వద్దని డిశ్చార్జి కాగితంలో ఎక్కడో ఒక మూల రాసే ఉంటుంది, ఇంగ్లీషులో.

నీళ్ళు తాగనివ్వకపోవడం, మంచం దిగనివ్వకపోవడం రెండూ కలిస్తే రక్తం చిక్కబడి, కాళ్ళలో నిలుస్తుంది. బాలింతకు కూడా అవి మంచివి కావని మంత్రసానుల తర్వాతి తరం నర్సులు ఎప్పటినుంచో చెబుతున్నారు. ఆపరేషన్ అయిన మనిషి పగటిపూట గంటకో రెండు గంటలకో లేచి, ఒంగి అయినా సరే, వసారాలో నాలుగు చాళ్ళు తిరగాలి. పూర్తిగా నిటారుగా నిలబడడానికి వారం, పది రోజులు పడుతుంది.

ఇంట్లోవాళ్ళను అన్నిటికంటే భయపెట్టేది గొట్టాలు. టమ్మీ టక్ తర్వాత చాలామందికి పొత్తికడుపు అంచున రెండు సన్నటి డ్రెయిన్ గొట్టాలు వేలాడుతుంటాయి. వాటి చివర ముడతల ప్లాస్టిక్ డబ్బా, హార్మోనియం తిత్తిలా నొక్కితే ముడుచుకుంటుంది. ముడుచుకున్న డబ్బా తెరుచుకోవాలని చూస్తూ లోపలి నీటిని లాగుతుంది. పొద్దున్నా సాయంత్రం చేతులు సబ్బుతో కడుక్కుని, మూత తీసి, ఎర్రటి నీటిని గీతల కప్పులో పోసి ఎన్ని మిల్లీలీటర్లో నోటుబుక్కులో రాయాలి. తర్వాత డబ్బాను బాగా నొక్కి, నొక్కినట్టే ఉంచి మూత పెట్టాలి. నొక్కకుండా మూత పెడితే అది ఊరికే వేలాడుతుంది, నీరంతా లోపలే ఉండిపోతుంది. రోజుకు 30 మిల్లీలీటర్ల కంటే తగ్గితే సాధారణంగా తీసేస్తారు. మొదట్లో ఎర్రగా, తర్వాత గులాబీ రంగులో, చివరికి పసుపు పచ్చగా వస్తే అంతా సవ్యంగా ఉన్నట్టు. పలచబడిన నీరు ఉన్నట్టుండి చిక్కటి ఎర్రగా మారి డబ్బా త్వరత్వరగా నిండుతుంటే ఆలస్యం చేయకూడదు.

అసలు ఈ గొట్టాలు కావాలా అని అడిగే సర్జన్లున్నారు. 2000లో అమెరికాకు చెందిన పోలాక్ తండ్రీకొడుకులు, లేచిన చర్మాన్ని కింది పొరకు వరసగా కుట్లు వేసి అతికిస్తే నీరు పట్టడం బాగా తగ్గుతుందని చూపించారు. దాంతో కొందరు గొట్టాలు మానేశారు. మరికొందరు రెండూ చేస్తారు. ఊరికి దూరంగా ఉండే మనిషికి గొట్టాల్లేని పద్ధతి తేలికనిపిస్తుంది. అయితే ఆపరేషన్ బల్ల మీద సమయం పెరుగుతుంది. ఏది ఎంచుకున్నా, బల్లెక్కే ముందే మాట్లాడుకోవాల్సిన విషయం ఇది.

తిండి విషయంలో పత్యం చాలా అన్యాయం చేస్తుంది. పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు తింటే చీము పడుతుంది, వంకాయ దురద, మాంసం వేడి. చివరికి మిగిలేది కారప్పొడి, అన్నం, చారు. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల, పప్పు వల్ల కాదు. గాయం అతుక్కోవడానికి కావలసిన ముఖ్యమైన సరుకు మాంసకృత్తులే. రాగి సంగటి, పప్పు, గుడ్డు, పెరుగు, చికెన్ పులుసు, ఆకుకూరలు అన్నీ తినొచ్చు. నొప్పి మాత్రలు మలబద్ధకం తెస్తాయి. దొడ్డికి ముక్కితే కుట్టిన కండరాల మీదే భారం పడుతుంది. అందుకని పీచు, నీళ్ళు, అవసరమైతే విరేచనపు మందు కావాలి. దగ్గు వస్తే పొట్ట మీద దిండు అదుముకుని దగ్గాలి. పొగాకు మాత్రం నిజంగా పత్యం చేయాల్సిందే. బీడీ, సిగరెట్లే కాదు, ఆకువక్కతో నమిలే పొగాకులోనూ నికోటిన్ ఉంటుంది. అది సన్నటి రక్తనాళాలను కుదించేస్తుంది. కుట్టు నడిమి భాగం నల్లబడి చర్మం చచ్చిపోవడానికి పెద్ద కారణం అదే. ముందు నాలుగు వారాలు, తర్వాత నాలుగు వారాలు ముట్టుకోకూడదు.

చాప మీద పడుకునే అలవాటున్నవాళ్ళకు మంచం తప్పనిసరి. నేల మీద నుంచి లేవాలంటే పొట్ట కండరాల బలమంతా వాడాలి. మంచం మీద కూడా తిన్నగా లేవకుండా, పక్కకు ఒత్తిగిల్లి, చేతుల మీద బలం వేసి లేవాలి. కింద కూర్చునే మరుగుదొడ్డి కంటే కుర్చీ కమోడ్ మేలు. పోతే ఆరు వారాల దాకా బరువులెత్తకూడదన్న మాట బెంగళూరులో చెప్పినంత తేలిక కాదు ఇక్కడ. శిడ్లఘట్ట చుట్టుపక్కల పట్టుపురుగుల ఇళ్ళలో మల్బరీ ఆకు మూటలు రోజూ ఎత్తాలి. పాడి ఉన్న ఇంట్లో పాలక్యాను, గడ్డిమోపు తప్పవు. చంకలో బిడ్డ కూడా బరువే. పురుగులు నాలుగో జ్వరం (పొర విడిచే దశ) దాటి ఆకు మీద ఆకు అడిగే రోజుల్లో ఆపరేషన్ పెట్టుకుంటే ఎవరూ ఊరుకోరు. పంట విరామం చూసుకుని తేదీ పెట్టుకోవాలి.

దూరం మాటకొస్తే, డిశ్చార్జి అయిన వెంటనే పేరేసంద్ర, చింతామణి, బాగేపల్లి వచ్చేయకుండా, గొట్టాలు తీసేదాకా సర్జన్‌కు అరగంట దూరంలో చుట్టాలింట్లోనో అద్దె గదిలోనో ఉండడం మేలు. ఖర్చవుతుంది, నిజమే. ప్యాకేజీ ధర చెప్పే క్లినిక్కులు ఈ వారం ఖర్చును కూడా అందులో కలిపి చెప్పడం న్యాయం. గాయం ఫొటోలు వాట్సాప్‌లో పంపడం పనికొచ్చేదే గానీ, పిక్క వాపు, ఆయాసం ఫొటోలో పడవు. ఒక కాలే వాచినా, ఉన్నట్టుండి ఊపిరి ఆడకపోయినా, ఛాతీ నొప్పి వచ్చినా, 108కు ఫోను చేసి దగ్గర్లో ఉన్న పెద్దాస్పత్రికే వెళ్ళాలి. పాత సర్జన్ దగ్గరికే తీసుకెళ్దామని హెబ్బాళ ట్రాఫిక్‌లో కూర్చోకూడదు.

విదేశాల నుంచి వచ్చి ఇక్కడ తక్కువ ఖర్చుతో చేయించుకుని వెళ్ళేవాళ్ళకు దేవనహళ్ళి విమానాశ్రయం ఇదే రోడ్డు మీద ఉంది. పొట్ట ఆపరేషన్ తర్వాత కనీసం పది రోజులు విమానం ఎక్కొద్దని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సలహా. ఆ కేంద్రమే 2024లో ఒక లెక్క బయటపెట్టింది. 2009 నుంచి 2022 దాకా డొమినికన్ రిపబ్లిక్‌కు వెళ్ళి అందం ఆపరేషన్లు చేయించుకున్న అమెరికన్లలో 93 మంది చనిపోయారు. 2019, 2020ల్లో చనిపోయినవాళ్ళ వివరాలు చూస్తే పదిమందిలో తొమ్మిదిమందికి కారణం ఊపిరితిత్తులకు చేరిన కొవ్వో, రక్తపు గడ్డో.

ఇంకో చిక్కు దాపరికం. ఊళ్ళో 'హెర్నియా' అనో 'గర్భసంచి' అనో చెప్పి వెళ్తారు. ఇరుగుపొరుగు సంగతి ఎలా ఉన్నా, అర్ధరాత్రి ఆయాసంతో తీసుకెళ్ళిన ఆస్పత్రిలో కూడా అదే అబద్ధం చెబితే అక్కడి డాక్టరు గడ్డ గురించి ఆలోచించడు. తెలుగు ప్రేక్షకులు 'నువ్వు నాకు నచ్చావ్'తో దగ్గర చేసుకున్న ఆర్తీ అగర్వాల్ 2015 జూన్ 6న న్యూజెర్సీలో 31 ఏళ్ళకే చనిపోయింది. అంతకు కొన్ని వారాల ముందు లైపోసక్షన్ చేయించుకుందని, అప్పటినుంచి శ్వాస ఇబ్బందితో బాధపడుతోందని అప్పట్లో వార్తలొచ్చాయి. ఒక్క వార్త మీద ఆధారపడి కారణం తేల్చలేం. కానీ కొవ్వు తీయించుకున్న మనిషికి వారాల తర్వాత ఆయాసం వచ్చినా తేలిగ్గా తీసుకోకూడదన్న మాట మాత్రం వైద్యపరంగా గట్టిదే. గడ్డకట్టే ప్రమాదం నెల దాటాక కూడా కొంత ఉంటుంది.

డబ్బు సంగతి క్లుప్తంగా. మామూలు వైద్యానికి లేని జీఎస్టీ అందం ఆపరేషన్‌కు 18 శాతం పడుతుంది. ప్రమాదంలోనో, కాలిన గాయాలతోనో, పుట్టుకతోనో వచ్చిన లోపాన్ని సరిచేసే ప్లాస్టిక్ సర్జరీకి మినహాయింపు ఉంది. ఆరోగ్య బీమా పాలసీల్లో అందం కోసం చేసే ఆపరేషన్ సాధారణంగా మినహాయింపుల్లోకి వెళ్తుంది. తర్వాత గాయం చీము పట్టి మళ్ళీ చేరాల్సి వచ్చినా బీమా కంపెనీ చెయ్యి విదిలించే అవకాశమే ఎక్కువ. కాబట్టి ఆపరేషన్ ఖర్చుతోపాటు రెండోసారి చేరాల్సి వస్తే పెట్టుకోవడానికి కొంత పక్కన ఉంచుకోకుండా బయల్దేరకూడదు. కర్ణాటకలో ప్రైవేటు ఆస్పత్రులన్నీ 2007 నాటి చట్టం కింద నమోదు కావాలి. ఏ రకం వైద్యానికి నమోదైందో ఆ పత్రం గోడ మీద కనబడాలి. అడిగితే కోప్పడే క్లినిక్కు నుంచి అప్పుడే లేచి రావచ్చు.

మూడో వారానికి కుర్చీలో కూర్చుని చేసే పనికి చాలామంది వెళ్ళగలుగుతారు. సాయంత్రానికి పొట్ట మళ్ళీ ఉబ్బుతుంది. 'ఇంత డబ్బు పోసి ఏం లాభం' అని ఏడుపొస్తుంది. ఆ వాపు తగ్గడానికి మూడు నుంచి ఆరు నెలలు, మచ్చ ఎర్రదనం పోయి పాలిపోవడానికి ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. తుంటి చివర్లో చర్మం కొద్దిగా మొన దేలి ఉండిపోతే చిన్న దిద్దుబాటు చేస్తారు, అది కూడా ఆరు నెలలు దాటాకే. దానికి మళ్ళీ డబ్బు తీసుకుంటారా లేదా అన్నది మొదటి రోజు కాగితం మీదే రాయించుకోవాలి.